బాంటమ్ పిల్లల్లో పుంజేది, పెట్టేది: పోరంకిలోని ఒక మిశ్రమ బ్యాచ్‌పై కేస్ స్టడీ

కేసు నేపథ్యం

విజయవాడ శివారులోని పోరంకిలో సొంత ఇంటి మేడ మీద ఫ్యాన్సీ కోళ్లు పెంచుకుంటున్న దంపతులు, జనవరి నెలాఖరున చిన్న ఇంక్యుబేటర్‌లో తీసిన 21 బాంటమ్ (మరుగుజ్జు కోళ్ల) పిల్లలను చూపించి, వాటిలో పుంజులేవో పెట్టలేవో వీలైనంత త్వరగా తేల్చి చెప్పమని నన్ను అడిగారు. వాటిలో తొమ్మిది కొచ్చిన్ బాంటమ్‌లు, ఏడు సిల్కీలు, ఐదు సీబ్రైట్‌లు. గుడ్లు మూడు వేర్వేరు చోట్ల కొని తెచ్చినవి కాబట్టి ఈ పిల్లల తల్లులను, తండ్రులను వారెవరూ చూడలేదు. ఈ సంగతి తరువాత చాలా ముఖ్యమైంది.

వారి తొందరకు రెండు కారణాలున్నాయి. ఆ వీధిలో ఇళ్లన్నీ గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. అంతకు ముందు ఏడాది వారి పుంజులు తెల్లవారుజామున నాలుగింటికే కూత మొదలుపెట్టడంతో పక్కింటివారితో మాటపట్టింపులు వచ్చాయి. ఈసారి జాతికి ఒక్క పుంజును మాత్రమే ఉంచుకుని, మిగిలినవాటిని గొంతు విప్పకముందే పల్లెలోని బంధువుల దొడ్డికి పంపాలని వారి ఆలోచన. రెండో కారణం డబ్బుకు సంబంధించినది. తెనాలి నుంచి ఒకాయన సిల్కీ జత కోసం, ఉయ్యూరు నుంచి ఇంకొకాయన మూడు కొచ్చిన్ పెట్టల కోసం బయానా ఇచ్చి ఉన్నారు. జత అని అమ్మిన రెండు పక్షులూ తీరా పెద్దవయ్యాక పుంజులే అయి కొట్టుకు చావడం ఫ్యాన్సీ కోళ్ల బేరాల్లో కొత్త కాదు. అసలు తగాదాల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి.

నేను వెళ్లేసరికే ఆ ఇంట్లో మూడు తీర్పులు వెలువడి ఉన్నాయి. ఇంటావిడ అత్తగారు బంగారు ఉంగరాన్ని దారానికి కట్టి, ఒక్కో పిల్ల మీద ఆడించి, అది గుండ్రంగా తిరిగినవి పెట్టలని, అటూ ఇటూ ఊగినవి పుంజులని చెప్పారు. భర్త ఫోన్‌లో చూసిన వీడియోను అనుసరించి, రెండో రోజునే రెక్కలు విప్పి, మొలకెత్తుతున్న ఈకల్లో పొడుగూ పొట్టీ కలిసి ఉన్నవి పెట్టలని, అన్నీ ఒకే పొడుగున ఉన్నవి పుంజులని విడదీశారు. గుడివాడ వైపు అసీల్ కోళ్లు మేపే వారి బాబాయి ఒకరు, కాళ్ల లావు, నిలబడే తీరు చూసి తన లెక్క తాను చెప్పారు. మూడు లెక్కలూ ఒకదానితో ఒకటి కలవలేదు. "డాక్టర్ గారూ, అత్తయ్య లెక్క నిజమైతే మాకు దిగులే లేదండీ, పెట్టలే ఎక్కువ. మీరేమంటారు?" అని ఇంటావిడ అడిగారు.

ఆ లెక్కల విలువ ఎంత?

కళ్లు మూసుకుని చెప్పినా ఇంచుమించు సగం పిల్లల విషయంలో మన మాట నిజమవుతుంది. ఉంగరం పరీక్ష, కోల గుడ్డులో పుంజు ఉంటుందనే నమ్మకం, మెడ దగ్గర పట్టుకుని ఎత్తినప్పుడు కాళ్లు ముడిచేది పెట్ట అనే మాట, ఇవన్నీ ఇంతకాలం బతికి ఉండడానికి ఈ సగమే ఆధారం. నిజమైనది గుర్తుంటుంది, తప్పినది మరచిపోతాం. కోళ్లలో లింగాన్ని నిర్ణయించేది తల్లి: పుంజులో రెండు జెడ్ క్రోమోజోములు ఉంటే, పెట్టలో ఒక జెడ్, ఒక డబ్ల్యూ ఉంటాయి, పెట్ట ఇచ్చే అండంలో ఏది ఉంటే దాన్ని బట్టి పిల్ల లింగం పెంకు ఏర్పడకముందే ఖరారైపోతుంది. ఇంక్యుబేటర్ వేడిని హెచ్చు తగ్గులు చేసి పెట్టలను ఎక్కువ తీయవచ్చని చెప్పేవారి మాటకు కూడా ఇదే జవాబు. వేడి మారితే చచ్చే పిల్లలు పెరుగుతాయే తప్ప పుంజు పెట్టగా మారదు.

ఇంకొక భ్రమను కూడా మొదట్లోనే తొలగించాల్సి వచ్చింది. సగం సగం అంటే ప్రతి బ్యాచ్‌లోనూ సగం సగం అని కాదు. పది పిల్లలు తీస్తే సరిగ్గా ఐదు పుంజులు, ఐదు పెట్టలు రావడానికి ఉన్న అవకాశం నాలుగో వంతుకు కొంచెం తక్కువ; ఏదో ఒక లింగానివే ఏడు గాని అంతకు మించి గాని రావడం మూడు బ్యాచ్‌లలో ఒకదానిలో జరిగేదే. కాబట్టి, "ఏడు సిల్కీలున్నాయి, కనీసం మూడైనా పెట్టలు ఉండకపోతాయా" అని బయానా తీసుకోవడం నా దృష్టిలో జూదమే.

రెక్క ఈకల పద్ధతి మాత్రం ఉంగరం వంటిది కాదు, దానికి శాస్త్రం ఉంది. అయితే ఆ శాస్త్రం ఈ పిల్లలకు వర్తించదు. ఈకలు ఆలస్యంగా మొలిచే గుణానికి కారణమైన జన్యువు జెడ్ క్రోమోజోము మీద ఉంటుంది. త్వరగా ఈకలు మొలిచే పుంజును, ఆలస్యంగా మొలిచే పెట్టతో కావాలని జత కట్టినప్పుడు మాత్రమే, కొడుకులకు తల్లి గుణం, కూతుళ్లకు తండ్రి గుణం వచ్చి, మొదటి ఒకటి రెండు రోజుల్లో రెక్క చూసి చెప్పడం సాధ్యమవుతుంది. వాణిజ్య హేచరీలు అటువంటి వంశాలను తయారు చేసుకుని వాడుకుంటాయి. పెంపకందారు ఎవరో, తల్లి ఏదో, తండ్రి ఏదో తెలియని కొచ్చిన్ పిల్లల్లో కనిపించే పొడుగూ పొట్టీ తేడా, పిల్ల ఎన్ని గంటల ముందు గుడ్డు పగలగొట్టుకుని వచ్చిందన్న దానిని బట్టి కూడా వస్తుంది. వీడియోలో చూపించినవి గుడ్ల కోసం పెంచే లేయర్ కోళ్ల పిల్లలన్న సంగతి ఆయన గమనించలేదు.

బాబాయి గారి చూపును నేను తేలికగా తీసుకోలేదు. డేగ, కాకి, నెమలి అని రంగు చూసి పేరు పెట్టగలిగినవారికి అసీల్ పిల్లల ఎముక లావు, మెడ నిక్కు చూసి పుంజును ముందే పట్టుకోవడం అలవాటైన పని. ఆయన ఎంచుకున్న గుర్తు తప్పు కాదు, పోల్చిన తీరు తప్పు. మూడు జాతుల పిల్లలను ఒకే గంపలో వేసి కాళ్లు చూశారు. కాళ్ల నిండా ఈకలుండే కొచ్చిన్ పక్కన సన్నకాళ్ల సీబ్రైట్ ఎప్పుడూ పెట్టలాగే కనిపిస్తుంది. ఈ కేసు మొత్తంలో నేను గట్టిగా పట్టుకున్న నియమం ఒక్కటే: పిల్లను పోల్చాల్సింది దాని జాతిలో, దాని వయసున్న, దానితో పాటే పెరుగుతున్న పిల్లతో మాత్రమే; ఏ జాతిలో ఏ గుర్తు పని చేయదో ముందే తెలిసి ఉండాలి.

ఒక రోజు పిల్లను నొక్కి చూడమన్నప్పుడు

మలద్వారాన్ని విప్పి, లోపలి చిన్న బొడిపెను చూసి లింగం చెప్పే పద్ధతిని జపాన్‌లో మసూయ్, హషిమోటో అనే శాస్త్రజ్ఞులు 1920లలో అభివృద్ధి చేశారు. 1930లలో అక్కడి నిపుణులు ఉత్తర అమెరికా హేచరీలకు వెళ్లి దాన్ని వ్యాపింపజేశారు. బాగా శిక్షణ పొందినవారు గంటకు వెయ్యి పిల్లల వరకు, నూటికి 98 సరిగ్గా చెప్పగలరు. లేయర్ హేచరీల్లో పుంజు పిల్లలను మొదటి రోజే ఏరివేస్తారు. బజార్లలో గంపలకెత్తి, ఆకుపచ్చ, గులాబీ రంగులు పూసి పిల్లలకు ఆటవస్తువుల్లా అమ్మే కోడిపిల్లలు చాలా వరకు ఇలా ఏరివేసిన పుంజులే. అవి పెరిగి గుడ్లు పెడతాయని ఆశపడే తల్లిదండ్రులు నా దగ్గరకు ఏటా వస్తుంటారు.

బాంటమ్‌ల విషయంలో ఈ పని చేయడానికి నేను ఒప్పుకోలేదు. లేయర్ పిల్ల పుట్టినప్పుడు ఇంచుమించు 40 గ్రాములు తూగితే, 35 గ్రాముల బాంటమ్ గుడ్డు నుంచి వచ్చే పిల్ల పాతిక గ్రాములు కూడా ఉండదు. పొట్టలో ఇంకా ఇంకని పచ్చసొన సంచి ఉంటుంది. అనుభవం లేని బొటనవేలు కొంచెం ఎక్కువ నొక్కితే అది పగులుతుంది, లేదా పేగు బయటికి వస్తుంది. వేల పిల్లల మీద చెయ్యి తిరిగినవారు చేయాల్సిన పని అది. పైగా బొడిపె స్పష్టంగా కనిపించేది పుట్టిన మొదటి రోజు వరకే. నన్ను పిలిచేసరికి ఆ గడువు ఎలాగూ దాటిపోయింది.

గుర్తులు వేయడం, చూసే రోజులు

ఇరవై ఒక్క పిల్లలను ఏ పిల్ల ఏదో తెలియకుండా చూడడం వల్ల ప్రయోజనం లేదు. ప్లాస్టిక్ రింగులు ఈ వయసులో ప్రమాదం. కాలు పెరిగి రింగు చర్మంలోకి దిగిపోతుంది, కొచ్చిన్‌లకైతే కాలి ఈకల కింద అది దిగిపోయినట్టు కూడా కనపడదు. అందువల్ల మొదటి ఆరు వారాలు గోళ్ల రంగుతో సరిపెట్టాము. ఎడమ కాలి మొదటి వేలికి ఎరుపు ఒక సంఖ్య, రెండో వేలికి ఎరుపు ఇంకొక సంఖ్య, కుడి కాలికి నీలం, ఇలా. సిల్కీలకు నాలుగుకు బదులు ఐదు వేళ్లుంటాయి కాబట్టి వాటికి సంఖ్యలు కొరత పడలేదు. రంగు వారం రోజులకు మించి నిలవదు, మళ్లీ పూయాలి. ఆ పని ఆ ఇంటి చిన్నమ్మాయి తీసుకుంది, నోట్‌బుక్ కూడా ఆమే రాసింది.

చూసే రోజులను టీకాల రోజులతో కలిపేశాము. 7వ రోజు కంటిలో కొక్కెర తెగులుకు లాసోటా టీకా చుక్క, 14వ రోజు గంబోరో వ్యాధికి టీకా చుక్క, నాలుగో వారంలో లాసోటా రెండో మోతాదు, ఎనిమిదో వారంలో మళ్లీ కొక్కెర తెగులుకే ఆర్‌టూబీ సూది. ఆ రోజుల్లో ప్రతి పిల్లనూ ఎలాగూ చేతిలోకి తీసుకోవాలి కాబట్టి అప్పుడే తల పైనుంచి ఒక ఫోటో, పక్క నుంచి ఒక ఫోటో, పక్కన స్కూలు పిల్లల స్కేలు పెట్టి తీయించాను. వెలుతురు ఒకటే ఉండాలన్నది నా షరతు. సాయంత్రం ఎండలో తీసిన ఫోటోలో ప్రతి జుట్టూ ఎర్రగానే కనిపిస్తుంది. ఇక్కడ జుట్టు అంటున్నది తలపై ఉండే కండ భాగాన్ని. సిల్కీల తలపై పెరిగే ఈకల గుత్తిని కుచ్చు అంటున్నాను.

కొచ్చిన్‌లు: తల మీది తెల్ల చుక్క

ఈ కేసులో నాకు ఎక్కువ పని పెట్టినవి, ఎక్కువ ఫలితం ఇచ్చినవి కొచ్చిన్‌లే. తొమ్మిది పిల్లలూ పుట్టినప్పుడు నల్లటి నూగుతో, తెల్లటి పొట్టతో ఉన్నాయి. వాటిలో నాలుగింటికి తల వెనుక భాగంలో, అంచులు చెదిరినట్టున్న తెల్లని చుక్క ఉంది. ఇది కుకూ రంగు, అంటే ఈకల మీద అడ్డ చారలు వచ్చే రంగు, తాలూకు గుర్తు. చారల జన్యువు కూడా జెడ్ క్రోమోజోము మీదే ఉంటుంది కాబట్టి ఈ చుక్క లింగాన్ని చెప్పగలదు. కాకపోతే ఎప్పుడు చెప్పగలదన్నది తల్లిదండ్రుల మీద ఆధారపడి ఉంటుంది.

తండ్రి, తల్లి ఇద్దరూ శుద్ధమైన కుకూలైతే అన్ని పిల్లలకూ చుక్క ఉంటుంది. పుంజుకు రెండు మోతాదులు, పెట్టకు ఒకటే కాబట్టి పుంజు చుక్క పెద్దదిగా చెదిరి, నూగు కాస్త లేత రంగులో ఉంటుంది, పెట్ట చుక్క చిన్నదిగా గట్టి అంచులతో ఉంటుంది. తండ్రి నలుపు, తల్లి కుకూ అయితే, తల్లి తన ఒకే ఒక్క జెడ్‌ను కొడుకులకే ఇస్తుంది కాబట్టి చుక్క ఉన్నవన్నీ పుంజులు, లేనివన్నీ పెట్టలు. తండ్రి ఒకే మోతాదున్న కుకూ, తల్లి నలుపు అయితే పుంజుల్లో సగానికి, పెట్టల్లో సగానికి చుక్క వస్తుంది. అప్పుడు ఆ చుక్క లింగం గురించి ఏమీ చెప్పదు. మా తొమ్మిదింటిలో నాలుగింటికే చుక్క ఉంది కాబట్టి మొదటి పరిస్థితి కాదు. మిగిలిన రెండింటిలో ఏదో పిల్లలను చూసి చెప్పలేము, గుడ్లు అమ్మినవారినే అడగాలి.

అమ్మినవారు తమ షెడ్డు వీడియో పంపారు. ఒక నల్ల పుంజు, దానితో రెండు పెట్టలు. దంపతులు సంబరపడిపోయి, నాలుగు పుంజులు, ఐదు పెట్టలు అని తేల్చేసుకుని, ఉయ్యూరు ఆయనకు ఫోన్ చేయబోయారు. వీడియోను ఆపి ఆపి చూడమన్నాను. రెండు పెట్టల్లో ఒకటే కుకూ, రెండోది నలుపు. నల్ల పుంజుకూ నల్ల పెట్టకూ పుట్టిన పిల్లల్లో పుంజుకూ చుక్క ఉండదు, పెట్టకూ ఉండదు. అంటే, చుక్క ఉన్న నాలుగూ పుంజులన్నది ఖాయం. చుక్క లేని ఐదింటిలో కుకూ పెట్ట పిల్లలుంటే అవి పెట్టలు, నల్ల పెట్ట పిల్లలుంటే ఏవైనా కావచ్చు. ఏ గుడ్డు ఏ పెట్టదో ఎవరూ రాసిపెట్టలేదు. ఒక గుర్తు ఉండడం సాక్ష్యమైనంత మాత్రాన, అది లేకపోవడం కూడా సాక్ష్యం కాబోదన్న ఈ చిన్న తర్కం దగ్గరే ఫ్యాన్సీ కోళ్లవారిలో చాలామంది జారిపోతారు.

ఆ ఐదింటినీ మూడో వారం నుంచి చుక్క ఉన్న నాలుగింటి పక్కన పెట్టి చూశాము. పుంజులని ఖాయంగా తెలిసిన నాలుగు పిల్లలు చేతిలో ఉండడం అరుదైన సౌకర్యం. ఏ వయసుకు పుంజు ఎలా ఉండాలో అవే చూపిస్తాయి. ఆ నాలుగింటికీ మూడో వారం చివరికి వీపు మధ్యలో నూగే మిగిలి ఉంది, తోక మొండిగా ఉంది, జుట్టు అడుగు భాగం వెడల్పై పసుపు నుంచి గులాబీకి తిరుగుతోంది. చుక్క లేనివాటిలో నాలుగింటికి తోక దగ్గర చిన్న గుండ్రటి ఈకల బుట్ట ఏర్పడింది, వీపు కప్పుకుంది, జుట్టు సన్నటి దారంలా పసుపుగానే ఉంది. ఐదోది, నోట్‌బుక్‌లో ఎడమ మూడో వేలు ఎరుపుగా ఉన్నది, జుట్టు వెడల్పులో పుంజుల వైపు ఉన్నా వీపు మాత్రం ఈకలతో బాగానే కప్పుకుంది.

దానిని తేల్చే సమయానికి ఐదో వారంలో రెట్టలో రక్తం కనిపించింది. నీళ్ల తొట్టి చుట్టూ ఊక తడిసి ముద్దగా ఉండడంతో కాక్సిడియోసిస్ అనే పేగు జబ్బు వచ్చింది. తాగే నీటిలో ఆంప్రోలియం ఇచ్చి, ఊక మార్పించి, తొట్టిని ఇటుక మీదికి ఎత్తించాము. ఏ పిల్లా చావలేదు. కానీ రక్తహీనత వల్ల పుంజుల జుట్లు కూడా పాలిపోయి పెట్టల జుట్లలా కనిపించాయి. ఆ వారం ఫోటోలను రంగు కోసం లెక్కలోకి తీసుకోవద్దని నోట్‌బుక్‌లో రాయించి, వెడల్పును మాత్రమే కొలిచాము. పురుగులు, పేలు, పోషణ లోపం, ఏదున్నా ఇదే జరుగుతుంది. జుట్టు ఎరుపు అనే గుర్తు ఆరోగ్యంగా ఉన్న పిల్లలోనే లింగాన్ని చెబుతుంది. జబ్బు పిల్లలో అది జబ్బునే చెబుతుంది. అదే విధంగా ఇరుకు గూట్లో తోటి పిల్లలు తోక పీకేసిన పెట్ట కూడా మొండి తోక పుంజులా కనిపించగలదు, కాబట్టి ఈక మొదట్లో విరిగిన గుర్తులు ఉన్నాయేమో వెదకాలి.

ఏడో వారానికి ఆ పిల్ల జుట్టు మళ్లీ ఎరుపెక్కి, ముక్కు కింది తోళ్లు దిగడం మొదలైంది. పదకొండో వారంలో నడుము మీద సన్నగా, కోసుగా, మెరిసే ఈకలు వచ్చాయి. పెట్టల నడుము ఈకలు కొస గుండ్రంగా ఉంటాయి. రంగు ఎరుపు కంటే, కాళ్ల లావు కంటే, నేను ఈ నడుము ఈకలనే నమ్ముతాను. కొచ్చిన్‌ల తుది లెక్క: ఐదు పుంజులు, నాలుగు పెట్టలు. చుక్క ఉన్న నాలుగూ చివరికి పుంజులే అయ్యాయి.

సీబ్రైట్‌లు

ఐదింటిలో ఒకటి ఆరో రోజున చనిపోయింది. కోసి చూస్తే పచ్చసొన సంచి ఇంకకుండా కుళ్లి ఉంది, బొడ్డు వాచి ఉంది. మూత్రపిండాల ముందు భాగంలో రెండు వైపులా గింజల్లా తెల్లటి వృషణాలు కనిపించాయి కాబట్టి అది పుంజు. పెట్ట అయితే ఎడమ వైపు మాత్రమే అండాశయం ఉండేది. ఈ బ్యాచ్‌లో మొదటి వారంలోనే నేను నూటికి నూరు పాళ్లు చెప్పగలిగింది ఈ పిల్ల గురించి మాత్రమే, అది కూడా ఎవరికీ పనికిరాని సమాచారం.

మిగిలిన నాలుగింటి విషయంలో ఇప్పుడే నేను గొప్పగా చెప్పిన నడుము ఈకల గుర్తు బొత్తిగా పనికిరాదు. ఇంగ్లండ్‌లో సర్ జాన్ సీబ్రైట్ 19వ శతాబ్దం తొలినాళ్లలో స్థిరపరచిన ఈ జాతిలో పుంజుకు కూడా పెట్ట ఈకలే వస్తాయి. కోసు ఈకలుండవు, తోకలో కొడవలి ఈకలుండవు. చర్మంలో ఆరొమటేస్ అనే ఎంజైము అతిగా పనిచేసి, పుంజు హార్మోనును పెట్ట హార్మోనుగా మార్చివేయడం దీనికి కారణం. జన్యుశాస్త్రజ్ఞుడు థామస్ హంట్ మోర్గన్ ఇటువంటి పుంజుల వృషణాలు తీసివేస్తే వాటికి పుంజు ఈకలు మొలవడం చూపించాడు. సాధారణ కోడిలో ఊహించే దానికి ఇది తలకిందులు.

కాబట్టి సీబ్రైట్‌లో జుట్టే దిక్కు. వీటిది రంపపు పళ్ల జుట్టు కాదు, నెత్తికి అంటుకుని వెనక్కి కొసదేలిన గరుకు జుట్టు. ఐదో వారానికి ఒక పిల్ల జుట్టు మిగతా మూడింటికి దాదాపు రెట్టింపు వెడల్పుతో, గరుకుగా ఉంది. దాన్ని పుంజు అని రాయించాను. బాబాయి గారు ఒప్పుకోలేదు. పన్నెండో వారంలో కూడా ఒక్క కోసు ఈక లేని పక్షి పుంజెలా అవుతుందని ఆయన ప్రశ్న, ఆయనకు తెలిసిన కోళ్ల లెక్కలో అది న్యాయమైన ప్రశ్నే. ఆ వారమే అది గోడెక్కి కూసింది. పెట్ట కూసిందని ఇంట్లో పెద్దావిడ హడలిపోయి, ఇంటికి అరిష్టమని దాన్ని వెంటనే పంపేయమన్నారు. అది కూసిన పెట్ట కాదని, పెట్ట చీర కట్టిన పుంజని నచ్చజెప్పడానికి నాకు పిల్లల లింగం తేల్చడం కంటే ఎక్కువ సమయం పట్టింది. నిజంగానే పెట్టలు కూయడం అరుదుగా జరుగుతుంది. ఎడమ అండాశయం దెబ్బతిన్నప్పుడు కుడి వైపున నిద్రాణంగా ఉన్న గ్రంథి పెరిగి పుంజు లక్షణాలు వస్తాయి. అయితే అది ఎదిగిన పెట్టలో వచ్చే మార్పు, మూడు నెలల పిల్లలో కాదు.

సిల్కీలు, డీఎన్‌ఏ పరీక్ష

సిల్కీ విషయంలో దాదాపు ప్రతి సాధారణ గుర్తూ విఫలమవుతుంది. ఈక పోగులను కలిపి ఉంచే కొక్కేలు ఉండవు కాబట్టి ఈకంతా దూదిలా ఉంటుంది, మెరిసే కోసు ఈకలు వెదికి లాభం లేదు. మన కడక్‌నాథ్‌లో ఉన్నట్టే చర్మం నల్లబారి ఉంటుంది కాబట్టి జుట్టు ఎరుపెక్కడం తెలియదు. మిగిలేవి రెండు: జుట్టు పరిమాణం, కుచ్చు ఆకారం. పుంజు జుట్టు వెడల్పుగా, ముడతలు పడి, ముక్కు మొదట్లో ఉబ్బుతుంది. కుచ్చులోంచి సన్నటి పోగులు వెనక్కి సాగుతాయి. పెట్ట కుచ్చు బంతిలా గుండ్రంగా నిలుస్తుంది. ఇవి స్పష్టపడడానికి నాలుగైదు నెలలు పట్టవచ్చు.

మూడో నెల పూర్తయ్యేసరికి ఏడింటిలో మూడు పుంజులని జుట్టు, కుచ్చు రెండూ ఒకే మాట చెప్పాయి. రెండింటికి చిన్న జుట్టు, గుండ్రటి కుచ్చు ఉండడంతో పెట్టలు కావచ్చని అనిపించింది. మిగతా రెండింటిలో జుట్టు ఒకటి చెబితే కుచ్చు ఇంకొకటి చెప్పింది. తెనాలి ఆయన అప్పటికే రెండుసార్లు ఫోన్ చేసి ఉన్నారు.

అనుమానమున్నవాటన్నింటికీ డీఎన్‌ఏ పరీక్ష చేయిద్దామని దంపతులు అన్నారు. నేను వద్దన్నాను. పరీక్ష చేయించాల్సింది నిర్ణయం ఏ పక్షి మీద ఆధారపడి ఉందో దానికి. ఇక్కడ పుంజు ఖాయంగా ఉంది, కావాల్సింది ఒక్క ఖాయమైన పెట్ట. అందుకే పెట్టలుగా తోచిన రెండింటి ఈకలు మాత్రమే పంపాము. ఈకలను రొమ్ము నుంచి పీకాలి, నేల మీద రాలినవి పనికిరావు, ఎందుకంటే కణాలు ఈక మొదలులో ఉంటాయి. ఒక్కో పక్షి ఈకలను విడి కాగితపు కవరులో పెట్టి, ఒక పక్షి నుంచి ఇంకొక పక్షికి వెళ్లే ముందు చేతులు కడుక్కోవాలి. జెడ్, డబ్ల్యూ రెండింటి మీదా వేర్వేరు పొడవుల్లో ఉండే సీహెచ్‌డీ1 అనే జన్యుభాగాన్ని ప్రయోగశాలలో పెంచి చూస్తారు; ఒక గీత వస్తే పుంజు, రెండు గీతలు వస్తే పెట్ట. చిలుకల కోసం చేసే పరీక్ష ఇదే.

ఫలితంలో ఒకటి పెట్ట, ఒకటి పుంజు అని వచ్చింది. పెట్టగా తోచినవాటిలో సగం తప్పిందన్నమాట. గుండ్రటి కుచ్చున్న ఆ పుంజు అయిదో నెలలో గాని కూయలేదు. రెండు గుర్తులు తగువు పడ్డ పిల్లల్లో ఒకటి ఆ నెలలోనే కూసింది, ఇంకొకటి ఎనిమిదో నెలలో గుడ్డు పెట్టింది. సిల్కీల తుది లెక్క ఐదు పుంజులు, రెండు పెట్టలు.

ఫలితం, తరువాతి ఏడాదికి ఏర్పాటు

తెనాలి ఆయనకు పరీక్ష కాగితంతో పాటు సిల్కీ జత వెళ్లింది. ఉయ్యూరు ఆయనకు మూడు కొచ్చిన్ పెట్టలను నడుము ఈకలు చూపించిన తరువాతే, మూడు నెలలు దాటాక ఇచ్చారు. ఆయన మొదట విసుక్కున్నా, తరువాత బ్యాచ్‌కు కూడా బయానా ఇచ్చారు. సిల్కీ పెట్టలను నాలుగు నెలల లోపు పరీక్ష లేకుండా పెట్టలని చెప్పి అమ్మవద్దని, అమ్మితే లింగం తేలని పిల్లలుగానే తక్కువ ధరకు అమ్మాలని దంపతులకు రాతపూర్వకంగా సలహా ఇచ్చాను.

కొచ్చిన్‌ల విషయంలో ఉంచుకోవాల్సిన పుంజు గురించి కొంత వాదన జరిగింది. చారలు అందంగా ఉన్నాయని ఒక కుకూ పుంజును ఉంచుకోవాలని ఇంటాయన మనసుపడ్డారు. అయితే ఆ నాలుగు పుంజులకూ చారల జన్యువు ఒక్క మోతాదే ఉంది. వాటిని ఇంట్లో మిగిలిన నల్ల పెట్టతో కలిపితే రెండు లింగాల్లోనూ సగం సగం చుక్కలు వచ్చి, మొదటి రోజు ఏమీ చెప్పలేని పరిస్థితి వస్తుంది. అందరినీ చివరి వరకు సందిగ్ధంలో పెట్టిన ఆ చుక్క లేని ఐదో పుంజు, నల్ల తల్లికి నల్ల తండ్రికి పుట్టింది కాబట్టి, ఉంచుకోవాల్సింది దాన్నే. దానికి బయటి నుంచి రెండు కుకూ పెట్టలను తెచ్చి జత కడితే పుట్టిన రోజే చుక్క ఉన్నవి పుంజులు, లేనివి పెట్టలు అని చెప్పవచ్చు. ఆ గూట్లోకి నల్ల పెట్టను రానివ్వకూడదు, వచ్చినా దాని గుడ్ల మీద పెన్సిలుతో గుర్తు పెట్టాలి. ఈ జత నుంచి పుట్టే కూతుళ్లన్నీ నల్లవే కాబట్టి, కుకూ పెట్టలను మాత్రం ఎప్పటికప్పుడు శుద్ధమైన కుకూ మందల నుంచి కొనక తప్పదు. దంపతులు నల్ల పుంజును ఉంచుకుని, నాలుగు కుకూ పుంజులను గుడివాడ పంపారు.